ఇంజను పంక్తిలో వడ్డన ఎవరిది? కార్బురేటరుదా, కంప్యూటరుదా?

1965లో అమెరికా వలస చట్టం మారిన తరువాత ఈ దేశానికి వచ్చిన తెలుగువారిలో చాలామందికి మొదటి కారు పాతదే. ఓడ వంటి దేహం, ఎనిమిది సిలిండర్ల ఇంజను, తాగినంత పెట్రోలు. జనవరి నెల తెల్లవారుజామున షికాగోలోనో బఫెలోలోనో ఆ కారును మేలుకొల్పడం ఒక నిత్యకర్మ. ఏక్సిలరేటరు పెడలును ఒకటి రెండుసార్లు నేలకంటా తొక్కి, వదిలి, అప్పుడు తాళంచెవి త్రిప్పవలెను. ఒకసారి తక్కువ తొక్కితే ఇంజను దగ్గి ఊరుకొనేది. ఒకసారి ఎక్కువ తొక్కితే ప్లగ్గులు పెట్రోలులో తడిసి ముద్దయ్యేవి. ఇక పావుగంట ఆగవలసిందే. ఎన్నిసార్లు తొక్కవలెనో ఏ పుస్తకంలోనూ ఉండేది కాదు. ఆ కారుతో కాపురం చేసినవారి పాదానికి మాత్రమే తెలిసేది.

ఆ తరంవారు ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసి తీరికగా ఉన్నారు. ఆ కార్లు మాత్రం, ఆశ్చర్యంగా, కొన్ని గరాజులలో ఇంకా ఉన్నాయి. కొన్ని ఇళ్ళలో పిల్లలే, అమ్మానాన్నల పెళ్ళినాటి ఫోటోలో కనిపించిన మోడలును వెదకి కొనుక్కొని వస్తున్నారు. కారు ఇంటికి చేరగానే ఒక వాదం లేస్తుంది. “ఈ కార్బురేటరు తీసేసి ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టిద్దాం నాన్నగారూ, రోజూ నడుపుకోవచ్చు” అంటాడు కొడుకు. “అది పోతే ఇక ఆ కారులో మిగిలేదేమిటిరా? ఒక్క స్క్రూడ్రైవరుతో అయ్యేదానికి కంప్యూటరు దేనికి?” అంటారు తండ్రి. ఇద్దరి మాటలోనూ సారమున్నది. ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుందో తేల్చుకోవాలంటే, ముందు ఆ లోహపు పెట్టెలో జరిగే పనిని కొంచెం నిదానంగా చూడవలెను.

పాలు ఎంత, నీళ్ళు ఎంత

పెట్రోలు ఒంటరిగా మండదు. దానికి గాలిలోని ఆమ్లజని కావలెను. సామాన్యమైన పెట్రోలు ఒక పాలు పూర్తిగా దహనం కావడానికి బరువు ప్రకారం 14.7 పాళ్ళ గాలి కావలసి ఉంటుంది. ఒక గాలను పెట్రోలు సుమారు 2.8 కిలోలు తూగుతుంది కనుక, దానికి 41 కిలోల గాలి అవసరం. గాలి ఎంత తేలికో గుర్తు తెచ్చుకొంటే ఇది ఎంత పెద్ద పరిమాణమో అర్థమవుతుంది: సముద్రమట్టం వద్ద అది ఇంచుమించు 9,000 గాలన్లు. కారు పెట్రోలు తాగుతుందని మనం అంటాము గాని, నిజానికి అది గాలిని తాగి, పెట్రోలును నంజుకొంటుంది.

ఈ నిష్పత్తి కంటె పెట్రోలు పెరిగితే మిశ్రమం చిక్కనిది, తగ్గితే పలుచనిది. ఇంజనుకు గరిష్ఠ బలం కావలసినప్పుడు కొంచెం చిక్కగా, సుమారు 12.5 లేక 13 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు చొప్పున ఇవ్వవలెను. చల్లటి ఇంజనుకు ఇంకా చిక్కగా ఉండాలి. ఎందుకనగా చలిలో పెట్రోలులోని తేలిక భాగాలు మాత్రమే ఆవిరి అవుతాయి, మిగిలినది గోడలకు అంటుకొని ఊరకుంటుంది. మరీ పలుచనైతే దహనం తడబడుతుంది, వేడి పెరుగుతుంది. మరీ చిక్కనైతే మండని పెట్రోలు, సగం మండిన కార్బన్ మోనాక్సైడు గొట్టం వెంట బయటకు పోతాయి.

ఇక కొలత ఎంత సూక్ష్మమో చూడండి. అర లీటరు సిలిండరు ఒకసారి నిండుగా ఊపిరి పీల్చుకొంటే దానిలోకి వచ్చే గాలి సుమారు 0.6 గ్రాములు. దానికి కావలసిన పెట్రోలు 41 మిల్లీగ్రాములు. నిముషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజనులో ప్రతి సిలిండరూ సెకనుకు 25 సార్లు ఊపిరి పీలుస్తుంది. ప్రతి ఊపిరికీ ఈ కొలత తప్పకూడదు. పైగా డ్రైవరు పాదం కదిలినప్పుడల్లా ఆ ఊపిరి లోతు మారిపోతూ ఉంటుంది.

ఫ్లిట్టు పంపు తత్త్వం

దోమల మందు కొట్టే ఫ్లిట్టు పంపును చూడని తెలుగు ఇల్లు ఒకప్పుడు లేదు. పిడిని తోస్తే గాలి వేగంగా సన్నని గొట్టం మూతి మీదుగా పోతుంది. అక్కడ పీడనం తగ్గి, డబ్బాలోని మందు పైకి ఎగబ్రాకి, తుంపరలై చిమ్ముతుంది. కార్బురేటరు చేసే పని ఇదే. గాలి పోయే మార్గాన్ని ఒకచోట నడుములాగా సన్నగా చేస్తారు. దానిని ఇటలీ శాస్త్రజ్ఞుడి పేరిట వెంటూరి అంటారు. ఆ ఇరుకులో గాలి వేగం పెరిగి పీడనం పడిపోతుంది. ప్రక్కనే ఒక చిన్న తొట్టి, దానిలో పెట్రోలు మట్టం ఎప్పుడూ ఒకేలా ఉంచడానికి ఒక తేలుడు బుడ్డ. మన ఇళ్ళ మీది నీళ్ళ టాంకులో ఉండేటటువంటిదే. తొట్టి నుండి సన్నని రంధ్రం గుండా పెట్రోలు ఆ నడుములోనికి పీల్చబడి గాలిలో కలుస్తుంది. ఈ తుంపర పద్ధతిని జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ 1893లో రూపొందించినాడు. ఆ తరువాత దాదాపు నూరేళ్ళు లోకంలోని పెట్రోలు ఇంజన్లు ప్రధానంగా దీని మీదనే నడిచినవి.

దీని అందమేమంటే, గాలి ఎంత ఎక్కువ పోతే పెట్రోలు అంత ఎక్కువ దానంతట అదే వస్తుంది. కొలిచేవాడు లేడు, లెక్క వేసేవాడు లేడు. విద్యుత్తు అక్కరలేదు. కొలత ప్రకృతి ధర్మంలోనే ఇమిడి ఉన్నది. ఈ సరళత్వాన్ని చూసి ముచ్చటపడని ఇంజనీరు ఉండడు.

కాని ఆ ధర్మం గాలి బరువును కాక దాని వేగాన్ని ఎక్కువగా లెక్కలోకి తీసుకొంటుంది. చిక్కు అక్కడే ఉన్నది. కాన్సస్ మైదానంలో చక్కగా నడిచే కారును డెన్వరుకు తీసుకొనిపోతే, 5,280 అడుగుల ఎత్తులో గాలి సాంద్రత సుమారు ఆరవ వంతు తగ్గి ఉంటుంది. అక్కడ కార్బురేటరు లెక్క ప్రకారం దాదాపు పది శాతం చిక్కని మిశ్రమాన్ని ఇస్తుంది. అక్కడి నుండి 14,115 అడుగుల పైక్స్ పీక్ శిఖరానికి రోడ్డు ఉన్నదని కారెక్కితే, ఆ తేడా పావు వంతుకు చేరువవుతుంది. వేసవి సెలవులలో పిల్లలతో, మామ్మలతో కొలరాడో కొండలెక్కిన పాత కార్లు నల్లపొగ కక్కి ఆయాసపడినది ఇందువల్లనే.

ఎండ సంగతి వేరు. ఆరిజోనాలోనో టెక్సాసులోనో మధ్యాహ్నం కారు ఆపి, భోజనం చేసి తిరిగి వచ్చేసరికి ఇంజను వేడికి తొట్టిలోని పెట్రోలు మరగిపోయి ఉంటుంది. పంపులో ఆవిరి చేరి పెట్రోలు కదలదు. వానపడి తేమగా ఉన్న చల్లని రోజున మరొక తంటా: పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగుకొంటుంది కనుక, బయట మంచు కురవకపోయినా కార్బురేటరు గొంతులో మంచు కడుతుంది. కారులో ఇది చికాకు మాత్రమే. ఒంటి ఇంజను విమానంలో ప్రాణాంతకం. ఉష్ణోగ్రత 70 ఫారెన్‌హైటు డిగ్రీల లోపల, తేమ 80 శాతం పైన ఉన్నప్పుడు ఈ మంచు ముప్పు మిక్కిలి ఎక్కువని అమెరికా వైమానిక శాఖ పైలట్లకు నేర్పుతుంది. అందుకే అటువంటి చిన్న విమానాలలో కార్బురేటరుకు వెచ్చని గాలి ఇచ్చే మీట ఒకటి తప్పక ఉంటుంది.

వీటన్నిటికంటె పెద్ద లోపం వడ్డనలో ఉన్నది. ఎనిమిది సిలిండర్లకు నడుమ ఒక్క కార్బురేటరు కూర్చుని, గొట్టాల వెంట మిశ్రమాన్ని పంపుతుంది. గాలి మలుపు తిరుగుతుంది గాని, బరువైన పెట్రోలు తుంపర మలుపు వద్ద గోడకు కొట్టుకొని జారిపోతుంది. దగ్గరి సిలిండరుకు చిక్కగా, చివరిదానికి పలుచగా అందుతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని సామెత. ఇక్కడ వడ్డించేవాడు ఎవరివాడూ కాదు. కడపటి సిలిండరు ఆకలితో మాడకుండా ఉండవలెనంటే అందరికీ కొంచెం ఎక్కువే వడ్డించవలసి వచ్చేది. మొదట కూర్చున్నవారి విస్తళ్ళలో మిగిలిపోయేది.

ఇంజెక్షను పద్ధతి ఈ వడ్డననే మార్చింది. ప్రతి సిలిండరు ముంగిట ఒక చిన్న విద్యుదయస్కాంత కవాటం. దాని వెనుక పీడనంతో సిద్ధంగా నిలిచిన పెట్రోలు. కవాటం ఎన్ని మిల్లీసెకన్లు తెరచి ఉంటే అంత పెట్రోలు. ఎంతసేపు తెరవవలెనో ఒక ఎలక్ట్రానిక్ మెదడు, గాలి పీడనాన్ని, ఉష్ణోగ్రతను, ఇంజను వేగాన్ని చూసి నిర్ణయిస్తుంది. బంతిలో ప్రతి అతిథికి ఒక వడ్డించేవాడన్నమాట.

ముప్పై అయిదు కార్ల కథ

ఈ ఆలోచన మొన్నటిది కాదు. రెండవ ప్రపంచయుద్ధంలోనే దాని విలువ ఆకాశంలో తేలిపోయింది. 1940లో బ్రిటన్ మీది వైమానిక పోరాటంలో స్పిట్‌ఫైరు, హరికేను విమానాల మెర్లిన్ ఇంజన్లకు తేలుడు బుడ్డ కార్బురేటరు ఉండేది. పైలటు ముక్కు క్రిందికి వంచి హఠాత్తుగా దూకితే తొట్టిలోని పెట్రోలు పైకి ఎగిరి, ఇంజను ఒక క్షణం ఊపిరి బిగబట్టేది. జర్మను విమానాల ఇంజన్లకు నేరుగా పెట్రోలు చిమ్మే యాంత్రిక ఇంజెక్షను ఉండడంచేత వారు నిశ్చింతగా దూకి తప్పించుకొనేవారు. చివరకు 1941లో బీట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు చిన్న రంధ్రమున్న ఒక లోహపు బిళ్ళను పెట్రోలు మార్గంలో అమర్చి ఆ బాధను చాలావరకు తగ్గించింది. అయినా రోల్స్‌రాయిస్‌వారు కార్బురేటరును వదలలేదు. సూపర్‌చార్జరుకు ముందే పెట్రోలు ఆవిరి కావడంవల్ల గాలి చల్లబడి, బలం పెరుగుతుందని వారి వాదం. అది అబద్ధం కాదు. ఈ చర్చలో ఒక పక్షమే తెలివైనదనుకొంటే పొరపాటు.

అమెరికా రోడ్ల మీద అసలు పరీక్ష 1957లో మొదలైనది. ఆ ఒక్క సంవత్సరంలోనే మూడు సంగతులు జరిగాయి. షెవ్రొలే సంస్థ కార్వెట్ కారుకు రోచెస్టర్ వారి యాంత్రిక ఇంజెక్షను అమర్చి, 283 ఘనపు అంగుళాల ఇంజను నుండి 283 అశ్వశక్తి రాబట్టింది. హోలీ సంస్థవారి నాలుగు నోళ్ళ ప్రసిద్ధ కార్బురేటరు ఫోర్డ్ థండర్‌బర్డ్ మీద రంగప్రవేశం చేసింది. అమెరికన్ మోటార్స్ వారు రాంబ్లర్ రెబెల్ కారుకు బెండిక్స్ సంస్థ తయారుచేసిన ‘ఎలక్ట్రోజెక్టర్’ను ప్రకటించారు. విద్యుత్తుతో తెరచుకొనే కవాటాలు, లెక్కలు వేసే ఎలక్ట్రానిక్ పెట్టె: ఇప్పుడు ప్రతి కారులో ఉన్న పద్ధతికి ముత్తాత అది. కార్బురేటరుతో 255 అశ్వశక్తి ఇచ్చే ఇంజను దీనితో 288 ఇస్తుందని ప్రకటన. కాని చలిలో మొరాయించడంతో ఆ కారు ఆ రూపంలో కొనుగోలుదార్ల చేతికి చేరలేదు.

మరుసటి సంవత్సరం 1958 మోడళ్ళలో క్రైస్లర్ సంస్థ సాహసించింది. క్రైస్లర్ 300డి, డీసోటో అడ్వెంచరర్, డాడ్జ్, ప్లిమత్ కార్లలో కొన్నిటికి ఎలక్ట్రోజెక్టర్ అమర్చింది. అన్నీ కలిపి సుమారు 35 కార్లు. క్రైస్లర్ 300డిలో దానికి అదనపు వెల 400 డాలర్లు. ఆ రోజులలో తక్కువ సొమ్ము కాదు. దానికి ప్రతిఫలం 380 అశ్వశక్తి 390 కావడం! పది గుర్రాల కోసం నాలుగు వందల డాలర్లు పోసినవారిని మెచ్చుకోవలెనో జాలిపడవలెనో తెలియదు. ఆలోచనలో లోపం లేదు. దానిని మోయవలసిన విడిభాగాలు ఇంకా పుట్టలేదు. ఆనాటి కెపాసిటర్లు ఇంజను వేడికి, తేమకు, కుదుపులకు తట్టుకోలేకపోయాయి. చుట్టుప్రక్కల విద్యుత్ తరంగాలు సోకితే లెక్క తప్పేది. మరమ్మతు చేయగల మెకానిక్కు ఊరిలో ఒక్కడూ లేడు. చివరకు వాటిలో చాలా కార్లకు సంస్థవారే ఇంజెక్షను తీసివేసి, మామూలు కార్బురేటర్లు పెట్టి ఇచ్చారు. భవిష్యత్తును ముందుగా కొనుక్కున్నవారికి గతాన్ని తిరిగి అమర్చి పంపినట్లయింది.

బెండిక్స్ వారి హక్కులు తరువాత జర్మనీలోని బాష్ సంస్థకు చేరాయి. ఈలోగా ట్రాన్సిస్టర్లు రాటుదేలాయి. 1967లో బాష్ వారి డి-జెట్రానిక్ అనే పద్ధతి అమెరికాకు వచ్చే వోక్స్‌వాగన్ 1600 కార్ల మీద వచ్చింది. ఈసారి అది నిలిచింది. పదేళ్ళ తేడాలో ఒకే ఆలోచన ఒకచోట నవ్వులపాలై, మరొకచోట మార్గదర్శి అయినది.

కార్బురేటరును ఓడించినది బలం కాదు

గుర్రాల పందెంలో కార్బురేటరు ఎన్నడూ ఓడిపోలేదని చెప్పవచ్చును. నాస్కార్ వారి ప్రధాన పందాలలో 2011 చివరి దాకా కార్బురేటరు కార్లే పరుగెత్తాయి. 2012 నుండి మాత్రమే అక్కడ ఇంజెక్షను వచ్చింది. కార్బురేటరును ఇంటికి పంపినది లాస్ ఏంజిలిస్ ఆకాశం.

ఆ నగరం మీద కమ్ముకొనే గోధుమరంగు పొగమంచు కండ్లను మండించేది. కాల్టెక్ విశ్వవిద్యాలయంలో అనాసపండు వాసనలోని రసాయనాలను పరిశోధిస్తుండిన ఆరీ హాగెన్-స్మిట్ దృష్టి దానిమీదకు మళ్ళింది. మండని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోను పుట్టిస్తున్నాయని ఆయన 1950లలో నిరూపించినాడు. కార్ల కంపెనీలు మొదట ఒప్పుకోలేదు. 1967లో కాలిఫోర్నియాలో గాలి వనరుల మండలి ఏర్పడి, దానికి ఆయనే తొలి అధ్యక్షుడైనాడు. 1970 డిసెంబరు 31న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన పరిశుద్ధ వాయు చట్టం, కార్ల నుండి వెలువడే ముఖ్య విషాలను తొంభై శాతం తగ్గించవలెనని ఆదేశించింది. ఎలా తగ్గించాలో చెప్పలేదు. ఆ దారి అప్పటికి ఎవరికీ తెలియదు కూడా.

1975 మోడళ్ళతో ఉత్ప్రేరక గదులు వచ్చాయి. వాటికి సీసం విషం కనుక సీసం లేని పెట్రోలు వచ్చింది. అంతకంటె గొప్పది మూడు పనుల ఉత్ప్రేరకం: కార్బన్ మోనాక్సైడును, మండని ఇంధనాన్ని ఆమ్లజనితో కలుపుతూనే, నైట్రోజన్ ఆక్సైడ్ల నుండి ఆమ్లజనిని విడదీస్తుంది. ఒకటి ఇవ్వడం, ఒకటి పుచ్చుకోవడం. ఈ రెండు విరుద్ధమైన పనులు ఒకే గదిలో జరగాలంటే మిశ్రమం 14.7 వద్ద అతి సన్నని హద్దులలో ఉండి తీరవలెను. కార్బురేటరుకు అంత నిలకడ లేదు.

ఇక్కడ ఒక చిన్న పరికరం రంగం మీదకు వచ్చింది. పొగగొట్టంలో కూర్చుని, బయటకు పోయే పొగలో మిగిలిన ఆమ్లజనిని బట్టి ఒక వోల్టు లోపలి సంకేతాన్ని పంపే సెన్సరు. వోల్వో సంస్థ 1977 మోడలు కార్లతో కాలిఫోర్నియాలో దానిని ప్రవేశపెట్టింది. అప్పటివరకు ఇంజనుకు వడ్డించినవాడు తిన్నవాడి ముఖం చూడలేదు. ఇప్పుడు తిన్నది అరిగిందా లేదా అని చూసి, తరువాతి ముద్ద సరిచేసే ఏర్పాటు వచ్చింది. ఎలక్ట్రానిక్ మెదడు లేకుండా ఇది సాధ్యం కాదు.

కార్బురేటరు అప్పుడూ వెంటనే లొంగలేదు. 1981 మోడళ్ళలో జనరల్ మోటార్స్ వారు కార్బురేటరుకే సెన్సరు తగిలించి, సెకనుకు పదిసార్లు టకటకలాడే విద్యుత్ సూదితో పెట్రోలును సరిదిద్దారు. ఆ కార్ల బానెట్టు ఎత్తి చూసినవారికి రబ్బరు గొట్టాల చిక్కుముడి గుర్తుండే ఉంటుంది. ఫ్లిట్టు పంపుకు గణితం నేర్పబోయిన ఆ పదేళ్ళూ రెండు పద్ధతులలోని కష్టాలూ ఒకే కారులో కూడినవి. కార్బురేటరుకు చెడ్డపేరు చాలావరకు ఆనాటి కార్లవల్లనే వచ్చింది. 1990ల తొలి ఏళ్ళతో అమెరికాలో కొత్త కార్ల మీద దాని కథ ముగిసింది.

స్వదేశంలో ఈ మార్పు ఆలస్యంగా వచ్చినా, వచ్చినప్పుడు ఒక్కసారిగా వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ ఆరు నియమాలు దేశమంతటా అమలులోకి రావడంతో కొత్త మోటారు సైకిళ్ళు దాదాపు అన్నీ ఇంజెక్షనుకు మారాయి. విజయవాడ ఆటోనగరులో జెట్టును నోటితో ఊది శుభ్రం చేసిన చేతులు ఇప్పుడు స్కానరు పట్టుకోవలసి వచ్చింది.

ఇక ఆ గరాజులోని కారు సంగతి

తండ్రీకొడుకుల వాదానికి మళ్ళీ వద్దాము. ముందు తేల్చుకోవలసినది: అసలు తప్పు కార్బురేటరుదేనా? పాత కారులో ఇంజను తడబడితే నింద దానిమీదకే పోతుంది. తీరా చూస్తే అరిగిన పాయింట్లు, బీటలు వారిన ప్లగ్గు తీగెలు, గాలి పీల్చే రబ్బరు గొట్టం కారణమవుతాయి. ఆ లోపాలను అట్లే ఉంచి ఇంజెక్షను పెడితే కంప్యూటరు కూడా తడబడుతుంది. పొగగొట్టానికి చిన్న చిల్లు ఉన్నా చాలు, బయటి గాలి లోపలికి చేరి సెన్సరును మోసగిస్తుంది. మెదడు లేని ఆకలిని ఊహించి పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

రెండవది, ఇది ఒక్క భాగం మార్చడం కాదు. కార్బురేటరుకు చదరపు అంగుళానికి అయిదారు పౌండ్ల పీడనం చాలు. దాని స్థానంలో కూర్చునే ఇంజెక్షను సామగ్రికి సాధారణంగా 43 నుండి 60 పౌండ్ల దాకా కావలెను. అనగా కొత్త విద్యుత్ పంపు, ఆ పీడనానికి తగిన గొట్టాలు, చాలా అమరికలలో టాంకుకు తిరుగు మార్గం, పొగగొట్టంలో సెన్సరుకు వెల్డింగు, నమ్మకమైన ఆల్టర్నేటరు. యాభై ఏళ్ళ నాటి రబ్బరు గొట్టంలోకి ఈ పీడనం పంపితే జరిగేది మరమ్మతు కాదు, అగ్నిప్రమాదం. ఢీకొన్నప్పుడు పంపు తనంతట తాను ఆగే స్విచ్చి లేకుండా ఈ పని ఎవరూ చేయించుకోరాదు. సామగ్రి ఖర్చు వెయ్యి డాలర్లు సులభంగా దాటుతుంది. చేతనైనవారికి కార్బురేటరు విప్పి కడిగి కొత్త వాషర్లు వేసే కిట్టు అందులో చిన్న వంతుకే దొరుకుతుంది. హోలీ వంటి సంస్థలు రెండింటినీ అమ్ముతూ ఉండడమే, ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదనడానికి సాక్ష్యం.

కొడుకు పక్షాన బలమైన వాదం ఒకటి పెట్రోలు బంకులోనే ఉన్నది. నేడు అమెరికాలో అమ్మే పెట్రోలులో అధికభాగం పదిశాతం ఇథనాలు కలిసినది. ఇథనాలు అణువులో ఆమ్లజని ముందే ఉండడంచేత ఆ మిశ్రమానికి 14.7 కాక సుమారు 14.1 పాళ్ళ గాలి చాలు. 1960లలో బిగించిన కార్బురేటరు రంధ్రాలకు ఈ సంగతి తెలియదు; ఇంజను ఆ మేరకు పలుచగా నడుస్తుంది. పాత రబ్బరు భాగాలకు కూడా ఇథనాలు పడదు. సెన్సరు ఉన్న ఇంజెక్షను ఈ తేడాను తనంతట తానే సరిచేసుకొంటుంది. కొండలెక్కినా, చలిలో లేచినా అంతే.

ఇంకొకటి, వాదానికి అందనిది. చిక్కని మిశ్రమంతో, ఉత్ప్రేరకం లేకుండా నడిచే పాత ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు కొన్ని శాతాలు ఉంటుంది. అది రక్తంలోని హెమోగ్లోబిన్‌ను ఆమ్లజని కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన ఇళ్ళలో గరాజు ఇంటిని ఆనుకొని, దాని మీదనే పిల్లల పడకగది ఉండడం మామూలు. చలిగా ఉన్నదని తలుపు వేసి ఇంజను వేడిచేయడం ఏ పద్ధతి ఇంజనుకైనా తప్పే. కార్బురేటరు ఇంజనుకు ఘోరమైన తప్పు. ఇంజెక్షను పెట్టించినంత మాత్రాన పాత కారుకు ఉత్ప్రేరక గది మొలవదు, చలిలో అది వేడెక్కేదాకా కొత్త కారులోనిదీ పనిచేయదు. కారు ఏదైనా, ఆ గదిలో కార్బన్ మోనాక్సైడు అలారం ఉండవలెను.

చట్టం సంగతి ఒక్క మాట. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందరి మోడళ్ళకు పొగ పరీక్ష లేదు. 1976, ఆ తరువాతి మోడలు కారుకు మాత్రం రాష్ట్ర మండలి ఆమోదమున్న సామగ్రి తప్ప మరొకటి అమర్చితే ఆ పరీక్షలో నిలవదు. కొనకముందే చూసుకోవలసిన విషయమిది.

ఇవన్నీ తూచి చూస్తే, నెలకొకసారి దీపావళి ముస్తాబు చేసి, ఆదివారం ఎండలో నాలుగు మైళ్ళు తిప్పి తెచ్చే కారుకు కార్బురేటరే తగినది. దానిని సవరించే చేయి ఇంట్లో ఉన్నంతకాలం అందులో కష్టం లేదు. ఫాక్టరీ రూపాన ఉన్న కారుకు వెల కూడా ఎక్కువ. అదే కారును కొడుకు తీసుకొనిపోయి డెన్వరులో ఆఫీసుకు రోజూ నడపదలచుకొంటే, అతనికి ఆ పాదపు కొలత తెలియదు, నేర్పేవారు పక్కన ఉండరు. అప్పుడు ఇంజెక్షనే న్యాయం. పాత కార్బురేటరును గుడ్డలో చుట్టి, దానితోపాటు విప్పిన మరలు కూడా ఒక డబ్బాలో వేసి అటక మీద పెడితే, కావలసినప్పుడు తిరిగి బిగించుకోవచ్చు. క్రైస్లర్ వారు 1958లో ఊడదీసిన ఎలక్ట్రోజెక్టర్ భాగాలను అట్లు దాచినవారు అరుదు. ఒక డీసోటో అడ్వెంచరర్‌లో దానిని మళ్ళీ పనిచేయించడానికి పునరుద్ధరించినవారు నానా తిప్పలు పడవలసి వచ్చింది.

వాదం ఎటు తేలినా, ఆ గరాజు మూలన గడ్డి కోసే యంత్రం ఒకటి ఉంటుంది. చాలా ఇళ్ళలో దానిది ఈనాటికీ కార్బురేటరే. అక్టోబరులో ఆఖరి కోత అయిన తరువాత దానిలో పెట్రోలు వదిలేస్తే, శీతకాలం గడిచేసరికి అది జిగురై, వెంట్రుకవాసి రంధ్రాన్ని మూసివేస్తుంది. ఏప్రిల్‌లో తాడు ఎంత లాగినా పలకదు. టాంకు ఖాళీ చేసి, ఆరుబయట దానంతట అది ఆగిపోయేదాకా నడిపించి, అప్పుడు లోపల పెట్టవలెను.